మూఢానికి ముందు పెట్టిన సర్వర్

కొత్త మెయిల్ సర్వర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టిన రోజున నేను నోరు మూసుకుని నిలబడ్డాను. చెప్పాల్సిందంతా అంతకు ముందే చెప్పేశాను. ఇంకా పని మిగిలి ఉందండి, అది పూర్తయ్యాక మారుదామండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మూఢం వచ్చేస్తోందమ్మా. ఇప్పుడు దాటితే మళ్ళీ ఎప్పటికో గాని మంచిరోజు లేదు" అన్నారు మా యజమాని.

మూఢమంటే గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి కనబడకుండా పోయే రోజులు. ఆ రోజుల్లో మావైపు పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త బోరు కూడా వేయించరు. సర్వర్ సంగతి పంచాంగంలో ఎక్కడా లేదు గాని, మా యజమాని తల్లిగారి లెక్కలో అదీ కొత్త పనే. ఆవిడ లెక్కకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఒకప్పుడు యజమాని తండ్రిగారు ఎవరి మాటా వినకుండా మూఢంలో కొత్త షెడ్డు తెరిచారట. ఆ ఏడాది తుఫానుకు దాని పైరేకులన్నీ ఎగిరి కాలవలో పడ్డాయట. తుఫానుకు మూఢంతో ఏం పని అని నేను అనొచ్చు. ఆ రేకులు ఏరుకున్నవాళ్ళు అనలేరు కదా.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఆఫీసులో నేను ఉద్యోగం చేసేదాన్ని. యజమాని ఇంటి ముందు గదులే ఆ ఆఫీసు. పాలకొల్లు నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. కంప్యూటర్ కోర్సు చదివానన్న మాటే గాని, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ఫోను పలక్కపోయినా, ఆఖరికి గోడ గడియారం ఆగినా "అమ్మాయ్" అంటూ నన్నే పిలిచేవారు. నాకు ముక్కు మీద కోపం. అది ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి నేను గట్టిగా మాట్లాడితే ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. కోపిష్టి మనిషికి అదొక నష్టం. నిజంగా అరవాల్సిన రోజున కూడా రోజూ అరిచే గొంతే అనుకుంటారు.

అంతకు ముందు మా మెయిళ్ళన్నీ హైదరాబాదులో ఒక కంపెనీ సర్వర్ నుంచి వెళ్ళేవి. బాగానే వెళ్ళేవి. కాకపోతే లేసు ఫోటోలు జతచేస్తే బరువెక్కువైందని ఆగిపోయేవి. ఆ ఫోటోలే మా వ్యాపారమాయె. అందుకని యజమాని సొంత సర్వర్ కొన్నారు, దానికి విడిగా ఇంటర్నెట్ లైన్ తీసుకున్నారు. పాతదాన్ని కొన్నాళ్ళు పక్కన ఉంచుదామన్నాను. వాళ్ళమ్మగారు నా వంక జాలిగా చూశారు. "కొత్తింట్లో పాలు పొంగించాక ఇంకా పాతింట్లో పొయ్యి వెలిగిస్తామా అమ్మా?" అన్నారు. సర్వర్ స్విచ్ వేసిన రోజే హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేసి, ఇక మీ సేవ చాలని చెప్పించేశారు. ఆ మెషీన్‌కు ఆవిడ అమ్మవారి పేరు కూడా పెట్టించారు. నా చేతే టైపు చేయించారు.

ఆ రోజుల్లోనే పిన్నిగారు ఒక టేబుల్ గుడ్డ నమూనా తెచ్చారు.

ఆవిడ నాకు చుట్టమేం కాదు. నరసాపురానికి కొంచెం అవతల, గోదావరి గట్టు దగ్గర ఊళ్ళో ఉండేవారు. మా ఆఫీసు నుంచి దారం పట్టుకెళ్ళి, ఊళ్ళో ఆడవాళ్ళకు పంచి, అల్లిన లేసు తెచ్చి అప్పజెప్పేవారు. చర్చిలో ఆడవాళ్ళ పాటల గుంపుకు ఆవిడే పెద్ద. ఆ గొంతే లేసు దగ్గరా పనిచేసేది. ఒక కుట్టు తప్పితే మూడిళ్ళ అవతలికి వినిపించేలా చివాట్లు పెట్టేవారు. నన్ను చూడగానే "ఏమ్మా, తిన్నావా?" అని అడిగేవారు. ఏం తిన్నావని కూరతో సహా ఆరా తీసేవారు.

ఆ నమూనాకు అంచు అల్లినామెను ఒకసారి వెంటబెట్టుకొచ్చారు. పాతికేళ్ళ లోపు మనిషి. మాటకు ముందు "ఆయ్" అనడం తప్ప పెద్దగా మాట్లాడేది కాదు. అంతకు ముందు రొయ్యల షెడ్డులో పనిచేసేది. పొద్దున్నుంచీ ఐసులో ఉన్న రొయ్యలు ఒలిచే పని అది. వేళ్ళు నానిపోయి, చర్మం పగిలి, ఆ పగుళ్ళలో రొయ్య ముల్లు గుచ్చుకుని చీము పట్టేది. అలాంటి చేతులతో సన్న దారం పట్టుకోవడం కుదరదు, దారం ఆ గరుకుకు తగులుకుని పోగులు లేస్తుంది. పిన్నిగారే ఆమెను షెడ్డు మాన్పించారు. రోజూ కొబ్బరినూనె రాయించి, చేతులు మెత్తబడేదాకా ఆగి, అప్పుడు దారం ఇచ్చారు. అలా వచ్చిన మనిషి అల్లిన అంచు అది. చిన్న చిన్న వరికంకుల్లా ఉండేది. నేను లేసు చూసీ చూసీ విసిగినదాన్నే, అయినా దాన్ని వేలితో తడిమి చూశాను.

"ఈ ఆర్డరు గాని వచ్చిందంటే ఏడాది పొడుగునా పనే. ఇది మళ్ళీ షెడ్డు మొహం చూడక్కర్లేదు" అన్నారు పిన్నిగారు. ఆమె తలొంచుకుని నవ్వింది.

నమూనా కొరియర్‌లో జర్మనీకి వెళ్ళింది. అక్కడి బయ్యర్ మాకు కొత్త. ఆయనకు మునుపు ఏదో చేదు అనుభవం ఉంది. ఎవరో ఒక ఎగుమతిదారు పేరు చెప్పుకుని ఉచిత మెయిల్ అడ్రసు నుంచి రాసి మోసం చేశారట. అందుకని కంపెనీ సొంత పేరుతో ఉన్న అడ్రసు నుంచి వస్తే తప్ప వ్యాపారం మెయిళ్ళు తెరవబోమని మొదట్లోనే రాశాడు. నమూనా అందిందని, వేడినీళ్ళలో ఉతికితే దారం తట్టుకుంటుందా, అడిగినన్ని గుడ్డలు ఎప్పటికి పంపగలరు అని అడుగుతూ మెయిలు పెట్టాడు. తమ కొత్త కేటలాగు ప్రెస్సుకు వెళ్ళబోతోందని, ఆలోగా జవాబు చెబితే ఈ గుడ్డ అందులో వేస్తామని రాశాడు. బాగుందని గాని, బాగాలేదని గాని ఒక్క ముక్క లేదు. వాళ్ళ రాత అంతే, పొడిపొడిగా ఉంటుంది.

యజమాని ఆ రోజే జవాబు చెప్పారు, నేను టైపు చేసి పంపాను. కాఫీ తాగి వచ్చేసరికి అది తిరిగొచ్చింది.

తిరిగొచ్చిన మెయిలుకు పైన ఒక పొడవాటి సోది ఉంటుంది. యంత్రం యంత్రానికి చెప్పిన కబుర్లవి. అందులో అసలు మాట ఒకే ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యాన్ని వెతికి చదివాను. మీరు ఏ నంబరు నుంచి మాట్లాడుతున్నారో ఆ నంబరుకు పేరు లేదు, కాబట్టి మీ మెయిలు తీసుకోము అని దాని సారాంశం. నంబరంటే ఇంటర్నెట్‌లో మా సర్వర్‌కు ఇచ్చిన నంబరు. నేను మిగిలి ఉందని మొత్తుకున్న పని సరిగ్గా ఇదే.

మావైపు కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే ముందు "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" అని అడుగుతారు. ఫలానా వారి తాలూకు అంటే, ఆ ఫలానా వారిని కూడా ఒక మాట అడిగి చూస్తారు. వాళ్ళు అవునంటేనే మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు. మెయిల్ సర్వర్లు చేసేదీ అదే. మా పేరు అడిగితే ఇంటర్నెట్‌లో మా నంబరు చూపించే ఏర్పాటు ఉంది, అది నా చేతిలో ఉంది, నేను చేసేశాను. కాని నంబరు అడిగితే మా పేరు చెప్పే ఏర్పాటు వేరు. దాన్ని రివర్స్ డీఎన్ఎస్ అంటారు. అది నంబరు ఎవరిదో వాళ్ళ చేతిలో ఉంటుంది, అంటే మాకు లైన్ ఇచ్చిన కంపెనీ చేతిలో. వాళ్ళకు అర్జీ పెట్టాను, ఇంకా చేయలేదు. ఈలోగా ముహూర్తం వచ్చి పడింది.

అసలు చిక్కు ఏమిటంటే, చాలా సర్వర్లు అంత పట్టించుకునేవి కావు. మద్రాసుకు మెయిలు వెళ్ళింది. బొంబాయి షిప్పింగ్ వాళ్ళకు వెళ్ళింది. యజమాని తమ్ముడు హైదరాబాదు నుంచి "వచ్చింది, వచ్చింది" అని ఫోన్ చేశాడు. ఎవరి తాలూకని గట్టిగా నిలదీసింది ఆ జర్మనీ సర్వర్ ఒక్కటే.

"అందరికీ వెళ్తున్నది వాళ్ళ ఒక్కరికీ వెళ్ళకపోతే తేడా వాళ్ళ దగ్గరే ఉందమ్మా" అన్నారు యజమాని.

"కాదండి, మన దగ్గరే ఉందండి. హైదరాబాదు వాళ్ళకు చెప్పి పాతది మళ్ళీ తెరిపిద్దామండి. ఒక్క ఈ మెయిలు పోతే చాలు."

ఆయన లోపలి గది వైపు చూశారు. అందులో వాళ్ళమ్మగారున్నారు. "మూఢంలో వెనక్కి వెళ్తే ఇంకేమన్నా ఉందా? కాస్త ఓపిక పట్టు" అన్నారు గొంతు తగ్గించి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ ఈ ఆర్డరు కావాలి. రోజుకు పదిసార్లు నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి "వెళ్ళిందా?" అని అడిగేవారు. అలా నిలబడ్డ మనిషిని చూస్తే జాలేసేది, ఆ వెంటనే ఆయన నోట మూఢం మాట రాగానే ఆ జాలి కాస్తా ఆవిరయ్యేది.

లైన్ కంపెనీ సర్వర్ మీదుగా పంపిద్దామని చూశాను. మీ ప్లానులో ఆ సౌకర్యం లేదన్నారు. బయ్యర్ ఆఫీసుకు ఫోన్ చేయించాను. ఎవరో అమ్మాయి ఎత్తి, వచ్చీరాని ఇంగ్లీషులో మా సారు ఊళ్ళో లేరు, దయచేసి మెయిలు పెట్టండి అంది. మెయిలే వెళ్ళటం లేదమ్మా అంటే, అవునా, అయితే మళ్ళీ ఒకసారి మెయిలు పెట్టండి అంది. ఫాక్స్ నంబరు మోగి మోగి ఆగిపోయేది. కొరియర్‌లో ఉత్తరం పంపుదామంటే యజమాని ససేమిరా అన్నారు. మెయిలు పంపడమే చేతకాని వాళ్ళకు సరుకు పంపడం వస్తుందా అనుకుంటారని ఆయన భయం. ఆ భయం తప్పని నేను అనలేకపోయాను.

ఈలోగా పిన్నిగారు వచ్చారు. అల్లిన గుడ్డలు కొన్ని సంచిలో తెచ్చారు. కబురు అందకముందే మిగిలిన దారంతో పని మొదలుపెట్టించారు, రేపు ఆర్డరు రాగానే తొందరపడక్కర్లేదని. "జవాబేమన్నా వచ్చిందాండి?" అని యజమానిని అడిగారు. "ఇంకా ఏమీ రాలేదు" అన్నారాయన. అబద్ధం కాదు. మన మాటే వాళ్ళకు చేరలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. సొంత సర్వర్ పెట్టి ఊరందరికీ లడ్డూలు పంచిన మనిషి ఆ మాట ఎలా చెబుతారు?

నేను ఆవిడను బయటికి తీసుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మన మెయిలు వాళ్ళ దాకా పోవటం లేదు, నంబరుకు పేరు పెట్టించాలి, పెట్టించాక పోతుంది అని.

"మరి మిగతావాళ్ళందరికీ పోతోందన్నారు అయ్యగారు?"

"మిగతావాళ్ళు అంతగా చూడరండి. వీళ్ళు చూస్తారు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నిమిరారు. "నా మనసు కష్టపడుద్దని చెప్తున్నావమ్మా నువ్వు. నేను ఎరగనా? లేసు నచ్చకపోతే దొరలు ఇంతే, పలకరు. మా అత్తగారి కాలం నుంచీ చూత్తన్నాను. ముందు ఆ ప్రశ్నా ఈ ప్రశ్నా అడుగుతారు, ఆనక నోరు మెదపరు."

"అది కాదు పిన్నిగారూ" అని మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ వినడం లేదు. నేను చెప్పిందంతా ఆవిడకు ఓదార్పులాగే వినిపించింది. కోపంగా చెబితేనన్నా నమ్మేవారేమో. ఎందుకో ఆవిడ దగ్గర నాకు కోపం రాదు.

మర్నాడు నేనే రాజమండ్రి బయల్దేరాను. లైన్ ఇచ్చిన కంపెనీ ఆఫీసు అక్కడుంది. నరసాపురం నుంచి వచ్చే పాసింజరు పాలకొల్లులో ఎక్కితే నిడదవోలులో దింపుతుంది, అక్కడ బండి మారాలి. ఆ రోజు రెండో బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కూర్చుని మాటలు కూడబలుక్కున్నాను. గోదావరి వంతెన మీద బండి పోతుంటే అందరూ చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. రివర్స్ డీఎన్ఎస్ కోసం గోదావరమ్మకు మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆ ఆఫీసులో మేనేజరు మర్యాదస్తుడు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు. విషయం చెప్పాను.

"మీ లైన్ పనిచేస్తోంది కదండీ?"

"చేస్తోందండి."

"ఇంటర్నెట్ వస్తోంది కదండీ?"

"వస్తోందండి. మా నంబరుకు పేరు పెట్టాలండి."

"మీ పేరుకు నంబరు ఉంది కదా, మళ్ళీ నంబరుకు పేరెందుకండీ?"

ఏ ఊరు, ఎవరి తాలూకు కథంతా చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నారు. "బాగా చెప్పారండి. అయితే ఇది మా చేతుల్లో లేదు, పైన హెడ్డాఫీసులో చెయ్యాలి. ఫోన్లో చెప్తే కుదరదు, మీ యజమాని సంతకంతో లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి" అన్నారు. యజమాని సంతకం పెట్టిన ఖాళీ లెటర్‌హెడ్ ఒకటి నా బ్యాగులో ఉంది. అది ఎందుకు పెట్టుకొచ్చానో చెప్పక్కర్లేదు, ఆఫీసులంటే నాకు బాగా తెలుసు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఆయన నా ఎదురుగానే ఫాక్స్ పెట్టించారు. "రెండు మూడు రోజుల్లో అయిపోద్దండి" అన్నారు.

కాలేదు. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు సంబంధిత వ్యక్తి సెలవు. ఒకరోజు వ్యక్తి ఉన్నాడు గాని మా లెటర్ లేదు. మళ్ళీ ఫాక్స్ పెట్టాను. నా గొంతు వినగానే అవతలివాళ్ళు ఫోను చేతులు మార్చుకోవడం నాకు వినిపించేది. ఇంట్లో అన్నం సహించేది కాదు. మా అమ్మ నాకు దిష్టి తీసింది. బస్సులో కూర్చుంటే ఆ వరికంకుల అంచే కళ్ళముందు ఆడేది. ఎక్కడో కేటలాగు పేజీలు ఒక్కొక్కటీ నిండిపోతున్నట్టుండేది.

చివరికి ఒక మధ్యాహ్నం నంబరుకు పేరొచ్చింది. ఆ మార్పు ఇంటర్నెట్ అంతా పాకడానికి ఇంకొంత ఆగాలి. పాత జవాబును గుర్తుపెట్టుకున్న సర్వర్లు దాన్ని మర్చిపోయేదాకా కొత్తది అడగవు. ఆగాను. మర్నాడు మెయిలు పంపాను. యజమాని నా వెనకాలే నిలబడ్డారు. అది మళ్ళీ తిరిగొచ్చింది.

ఈసారి వాక్యం వేరు. మీరు పలకరిస్తూ చెప్పిన పేరు ఎక్కడా లేదు, కాబట్టి తీసుకోము అని. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట కలిపేటప్పుడు ముందు నేను ఫలానా అని పేరు చెబుతుంది. మాది అమ్మవారి పేరు చెబుతోంది. ఆ పేరు మా ఆఫీసు గోడల లోపల తప్ప ప్రపంచంలో ఎక్కడా నమోదై లేదు.

"ఈ మెషీన్ పేరు మార్చాలండి" అన్నాను.

లోపలి గదిలోంచి వాళ్ళమ్మగారు వచ్చేశారు. "పూజ చేసి పెట్టిన పేరు మారుస్తావా? అందులోనూ మూఢంలోనా?" ఆవిడ కళ్ళల్లో నిజంగా భయం కనిపించింది. అరవబోయినదాన్ని ఆగిపోయాను. ఆ రేకులు ఏరుకున్నది ఆవిడే కదా.

"అమ్మగారూ, మీ అబ్బాయిని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

ముద్దుపేరు చెప్పారు.

"బళ్ళో ఆ పేరే రాయించారా?"

"బళ్ళో అది ఎందుకు రాయిస్తామే?"

"ఇదీ అంతేనండి. ఇంట్లో దీని పేరు అమ్మవారి పేరే. అది మారదు. బయటివాళ్ళు అడిగితే మాత్రం బడి పేరు చెబుతుంది."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అలాగైతే సరే" అని లోపలికెళ్ళిపోయారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క గడిలో ఒక్క పేరు టైపు చేశాను. మెయిలు పంపాను. కాఫీకి కూడా లేవకుండా అక్కడే కూర్చున్నాను. తిరిగి రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. యజమాని స్వీట్లు తెప్పించబోతే నేనే వద్దన్నాను.

జవాబు మర్నాడు వచ్చింది. అదే పొడి రాత. కాని ఈసారి మొదటి రెండు వాక్యాలు వేరుగా ఉన్నాయి. మాకు వచ్చిన నమూనాలన్నింటిలోకీ మీదే అందమైనది, ముఖ్యంగా ఆ అంచు లాంటిది మేం ఎక్కడా చూడలేదు అని రాశాడు. ఆ తర్వాత, మీ నుంచి ఎంతకీ జవాబు రాకపోవడంతో మీకు ఆసక్తి లేదనుకున్నామని, కేటలాగులో వేరేవారి గుడ్డ వేసి ప్రెస్సుకు పంపేశామని, ఇందుకు చింతిస్తున్నామని రాశాడు.

యజమాని చదివి కుర్చీలో కూలబడ్డారు. "పిన్నిగారికి నేను చెప్పలేనమ్మా, నువ్వు వెళ్ళిరా" అన్నారు. ఆ మెయిలు ప్రింటు తీసుకుని బస్సెక్కాను.

ఊళ్ళో చర్చి అరుగు మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. అల్లుతున్నారనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక చూస్తే విప్పుతున్నారు. లేసుకు ఒక కొస పట్టుకుని లాగితే చాలు, ఎన్నాళ్ళు అల్లినదైనా గబగబా విడిపోతుంది. ఒళ్ళో గుడ్డలు తగ్గిపోతున్నాయి, పక్కన దారం ఉండలు పెరుగుతున్నాయి.

"రా అమ్మా. తిన్నావా?" అన్నారు పిన్నిగారు. "దొరకు నచ్చలేదని తెలిసిపోయిందిలే. అందుకే విప్పించేత్తన్నాను. దారమన్నా దక్కుద్ది. అంచు వదులైపోయిందమ్మా. నేను ముందే చూసుకోవాల్సింది. దాన్ని పిలిచి అడిగాను, అందరి ముందూ అడిగాను, నీ చెయ్యి వదులుగా పడిందా లేదా అని. ముందు లేదంది. ఆనక ఏమోనండీ అంది. ఏడ్చింది."

"ఆమె ఏదండి?"

"షెడ్డుకెళ్ళిపోయింది. అప్పుడే చాన్నాళ్ళయింది."

నేను ప్రింటు తీసి, నిలబడే తెలుగులో చదివాను. మొదటి రెండు వాక్యాలు చదివేసరికి అరుగు మీద చేతులన్నీ ఆగిపోయాయి. మిగతాది కూడా చదివాను. పిన్నిగారు ఒళ్ళో సగం విప్పిన గుడ్డను చూసుకున్నారు. "ఆ ముందు ముక్క మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. ఆవిడ చివాలున లేచి, కొంగు దోపుకుని, "పద, దానికి చదువుదువు గాని" అన్నారు. మూడిళ్ళ అవతలికి వినిపించే ఆ గొంతు నాకే సరిగా వినిపించలేదు.

షెడ్డు ఊరి చివర చెరువుల దగ్గర ఉంది. గేటు దగ్గర నిలబడి కబురు పంపితే ఆమె వచ్చింది. రబ్బరు చెప్పులు, తడిసిన గౌను, తలకు గుడ్డ. నన్ను చూసి "ఆయ్, బాగున్నారాండీ" అంది. పిన్నిగారి వంక చూడలేదు. నేను ఆ రెండు వాక్యాలు చదివాను. ఆమె తల వంచుకుని, బడిలో పాఠం వింటున్నట్టు విన్నది.

"అంచు అని రాశారాండీ?"

"అంచు అనే రాశారు."

పిన్నిగారు ముందుకొచ్చారు. "రేపట్నించి వచ్చెయ్యవే. నీకు మంచి దారం ఇత్తాను" అన్నారు.

ఆమె రెండు చేతులూ గౌనుకు తుడుచుకుని మా ముందు పెట్టింది. వేళ్ళు తెల్లగా ఉబ్బి, కణుపు కణుపునా పగిలి ఉన్నాయి. "ఇప్పుడెలా వత్తానండీ" అంది. అందులో నిష్ఠూరం ఏం లేదు, ఉన్న సంగతి చెప్పింది. లోపల ఎవరో కేకేశారు, ఐసు పెట్టెలు వచ్చాయని. ఆమె వెళ్ళిపోయింది.